తేలియాడే రాజభవనం – తరగని వ్యయం

ఖరగ్‌పూర్ పట్టణానికి సముద్రతీరం లేదు. అయినప్పటికీ ఈ రైల్వే పట్టణానికి నౌకలతో దగ్గరి సంబంధమే ఉన్నది. 1951లో ఇక్కడ ఆరంభమైన ఐ.ఐ.టి.లో మరుసటి సంవత్సరమే నౌకానిర్మాణ విభాగం ఏర్పడింది. విశాఖపట్నంలో 1948 మార్చి 14న పండిట్ నెహ్రూ 'జల ఉష' నౌకకు జలప్రవేశం చేయించిన కర్మాగారం హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారినది కూడా 1952లోనే. సరకుల ఓడకు, కోటీశ్వరుల విలాస నౌకకు ఆధారమైన శాస్త్రం ఒక్కటే. అయితే విలాస నౌకలో ప్రతి సౌఖ్యానికీ ఆ శాస్త్రం అదనపు మూల్యం అడుగుతుంది.

ఉదాహరణకు, జర్మనీకి చెందిన లూర్సెన్ సంస్థ 2013లో నిర్మించి అప్పగించిన 'అజ్జామ్' నౌకను తీసుకొందాం. దీని పొడవు 180 మీటర్లు. అటువంటి నౌకలు ఆరింటిని వరుసగా నిలిపితే 1,072 మీటర్ల మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం దాదాపు నిండిపోతుంది. రెండు గ్యాస్ టర్బైన్లు, రెండు డీజిల్ ఇంజన్లు కలిసి దీనికి సుమారు 94,000 అశ్వశక్తిని అందిస్తాయి. మన ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగే డబ్ల్యు.ఎ.పి.-7 విద్యుత్ ఇంజన్లు పదిహేను కలిస్తే గాని అంత శక్తి రాదు.

ఇంత శక్తి ఎందుకు? ఓడ వేగాన్ని రెట్టింపు చేయాలంటే ఇంజను శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. వేగాన్ని అయిదవ వంతు తగ్గించుకొంటే సగం శక్తి చాలు. గంటకు 55 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాలన్న కోరికకు ఇంధన రూపంలో చెల్లించే మూల్యం ఇది.

రెండవ సమస్య సమతూకం. పై అంతస్తులలో ఈతకొలను, పాలరాతి గచ్చు, హెలికాప్టర్ దిగే వేదిక చేర్చిన కొద్దీ గరిమనాభి పైకి జరుగుతుంది. ఓడ స్థిరత్వం తగ్గుతుంది. అందువల్ల అడుగు భాగాన్ని ఉక్కుతోను, పై అంతస్తులను తేలికైన అల్యూమినియంతోను నిర్మించడం పరిపాటి. అలల ఊపు తెలియకుండా ఇరువైపులా నీటి అడుగున చేప రెక్కల వంటి పలకలను అమరుస్తారు.

కొనుగోలు ధర ఒక్కసారి చెల్లించేది; పోషణ వ్యయం నౌక ఉన్నంత కాలం చెల్లించవలసినది. ఏటా కొనుగోలు ధరలో సుమారు పదవ వంతు ఖర్చవుతుందని ఈ రంగంలో వాడుకగా చెప్పే లెక్క. సిబ్బంది జీతాలు, బీమా, రేవు రుసుములు, ఇంధనం, రంగులు, మరమ్మతులు అన్నీ అందులోనివే. రేవులో కదలక నిలిచినా దీపాలకు, ఎయిర్ కండిషనింగుకు జనరేటర్లు తిరగవలసిందే. 2022లో ఫిజీలో స్వాధీనం చేసుకొన్న 106 మీటర్ల 'అమేడియా' నౌక పోషణకే నెలకు సుమారు 6 లక్షల డాలర్లు, అంటే దాదాపు 5 కోట్ల రూపాయలు అవుతున్నదని 2024లో అమెరికా ప్రభుత్వం న్యాయస్థానానికి తెలిపింది. యజమాని విహరించకపోయినా ఖర్చు ఆగలేదు.

ఉప్పునీరు లోహాన్ని తింటుంది. నాచు, గుల్లలు అడుగుభాగానికి పట్టి వేగాన్ని హరిస్తాయి. కనుక నౌకను నిర్ణీత కాలానికి డ్రైడాకులో నిలిపి శుభ్రపరచి, పరీక్షించి, రంగులు వేయాలి. గడువు ప్రకారం రైలు పెట్టెలను విప్పి సరిచేసే మన వర్క్‌షాపు కార్మికునికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. రాజభవనమైనా రైలు పెట్టె అయినా దాని ఆయుష్షు కొన్నవాని ధనంలో కంటే కాపాడే చేతులలోనే ఎక్కువగా ఉంటుంది.