పాత క్యాసెట్ కొనేముందు పిన్నులు చూడండి

గుంతకల్లులో పాత వీడియో గేములు అమ్మే అంగడి విడిగా ఏదీ లేదు. సెల్‌ఫోన్ రిపేరు అంగళ్లలో ఓ మూల, నాలాంటి టీవీ మెకానిక్కుల బల్ల కింద అట్టపెట్టెల్లో దొరికితే దొరుకుతాయి. అయినా మా ఊరివాళ్లు ఈ సరుకుకు మొహం వాచింది లేదు. జంక్షన్ ఊరు మాది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. మెజెస్టిక్ దగ్గర దిగి నడుచుకుంటూ పోతే గాంధీనగర్‌లో నేషనల్ మార్కెట్. ఇంకో దిక్కుకు పోతే మద్రాసు. అక్కడ బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజారు. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ల బతుకుదెరువు కోసం 1969లో మొదలైన బజారు అది. తర్వాత తర్వాత విదేశీ సరుకంతా అక్కడే దిగేది. మా నాన్న రైల్వేలో గార్డు. పాసు మీద మద్రాసు పోయినప్పుడల్లా బర్మా బజారు తిరక్కుండా వచ్చేవాడు కాదు. రైల్వే క్వార్టర్లలో వీడియో గేమ్ ఉన్న ఇళ్లలో సగం ఇళ్లకు అది అట్లా రైలెక్కి వచ్చిందే.

అప్పట్లో మనం ఆడిన మెషీన్ అసలుది కాదు. జపాన్‌లో 1983లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే మెషీన్ తెచ్చింది. దాని లోపలి సర్క్యూట్‌కు నకళ్లు తయారుచేసి ఆసియా అంతా అమ్మారు. మన దగ్గర సమురాయ్, మీడియా పేర్లతో ఇంటింటికీ చేరినవి ఆ కోవలోవే. వాటికి పెట్టే పసుపుపచ్చ క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. లోపల ఉండేవి కొన్నే. ఒకే మారియో ఆటను ఒకసారి మొదటి మెట్టు నుంచి, ఇంకోసారి మూడో మెట్టు నుంచి మొదలుపెట్టి, దానికో కొత్త నంబరు వేసేవాళ్లు. ఇది తెలిస్తే అట్ట మీది అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టరు.

ఇప్పుడు కొనేవాళ్లు మొదట చూడాల్సింది క్యాసెట్ అడుగున ఉండే పిన్నులు. మన నకలు మెషీన్లకూ జపాన్ ఫామికామ్‌కూ 60 పిన్నుల క్యాసెట్ పడుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఎన్ఈఎస్ (ఫామికామ్ అమెరికా రూపం) క్యాసెట్‌కు 72 పిన్నులు. అది వెడల్పుగా ఉంటుంది, మన మెషీన్‌లో కూర్చోదు. ఆ తర్వాత పిన్నుల రంగు చూడండి. మద్రాసులో ఉప్పుగాలి తగిలి ఏళ్ల తరబడి పడి ఉన్న క్యాసెట్లకు రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. కొన్నిట్లో అది పిన్నును తినేసి ఉంటుంది. అలాంటివాటిని ఎవరూ బాగుచేయలేరు. మా అనంతపురం వైపు సరుకు వేరు. వానలు లేని ఊళ్లు, గాలిలో తేమ తక్కువ. ఇక్కడ క్యాసెట్‌లో దుమ్ము దండిగా ఉంటుంది, చిలుము మాత్రం అరుదు. సేద్యానికి శాపమైన ఈ ఎండు గాలి పాత ఎలక్ట్రానిక్ సామానును మాత్రం కాపాడింది.

దుమ్ము పట్టినదాన్ని బాగుచేయడం కష్టం కాదు. నకలు క్యాసెట్‌కు చాలావరకు స్క్రూలు ఉండవు. రెండు డొప్పల అంచులో సన్నటి పలక దూర్చి మెల్లగా తిప్పితే టక్కుమని విడిపోతుంది. లోపల అరచేతిలో సగం కూడా లేని ఆకుపచ్చ బోర్డు, దాని మధ్యలో నల్లటి జిగురు బొట్టు. ఆట అంతా ఆ బొట్టు కింది చిప్‌లోనే ఉంటుంది. దాన్ని గీకకూడదు. సెల్‌ఫోన్ రిపేరువాళ్లు వాడే ఐపీఏ ద్రావణంలో ఇయర్‌బడ్ ముంచి పిన్నుల మీద పైనుంచి కిందికి తుడవాలి. దూది మీదికి నల్లటి మడ్డి వస్తుంది. దూది తెల్లగా ఉండేదాకా తుడిచి, ఆరనిచ్చి, మూసేయాలి. చిన్నప్పుడు అందరం నోటితో ఊదేవాళ్లం. ఊదితే ఆట వచ్చేది కూడా. అది ఊదినందుకు కాదు, క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడంలో పిన్నులు సరిగ్గా ఆనుకున్నందుకు. నోటి తడి పిన్నులకు చెరుపే.

బజారులో బేరానికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. ధర ముందు అడగను.

"ఇది ఆన్ అవుతుందా అన్నా?"

"సూపర్ కండిషన్ సార్, తీసుకోండి."

"అట్లయితే టీవీకి పెట్టి చూపించన్నా. చూసినాక రేటు మాట్లాడుకుందాం."

నేషనల్ మార్కెట్ అంగళ్లలో తెలుగు తెలిసినవాళ్లకు కొదవ లేదు, ఈ మాట ఇట్లాగే అనొచ్చు. మంచి సరుకు పెట్టుకున్నాయన వెంటనే వైరు తీస్తాడు. టీవీ లేదు, అడాప్టర్ లేదు అంటే ఇంకో అంగడికి నడవడమే. ఆన్ అయ్యాక కాసేపు ఆడాలి. కొన్ని మెషీన్లలో వేడెక్కాక బొమ్మ చెదురుతుంది. రిమోట్‌లో ప్రతి బటనూ నొక్కి చూడాలి. వైరు రిమోట్‌లోకి దూరే చోట వంచి చూడాలి, ఎక్కువగా తెగేది అక్కడే.

బాతుల్ని కాల్చే గన్ను గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది దాని మీదే. గన్నులోంచి ఏమీ బయటికి రాదు, టీవీ వెలుతురును లోపలికి తీసుకునే సెన్సార్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చదరం వెలుగుతుంది. గన్ను దాన్ని చూస్తే దెబ్బ తగిలినట్టు. ఇది పాత పిక్చర్ ట్యూబ్ టీవీల వేగానికి తగ్గట్టు చేసిన ఏర్పాటు. పల్చటి ఎల్ఈడీ టీవీలో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది, గన్ను పనిచేయదు. గన్ను కావాలంటే డబ్బా టీవీ కూడా కావాలి. మామూలు ఆటలకైతే ఎల్ఈడీ టీవీ చాలు. ఏవీ వైర్లు పెట్టే చోటు లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బీ కొనుక్కోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బీ కూడా చూడ్డానికి ఇట్లాగే ఉంటుంది, పైన రాసింది చదివి తీసుకోండి.

ప్లేస్టేషన్ 2 సంగతి వేరు. 2000లో వచ్చి, ప్రపంచమంతా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయి, 2013 మొదట్లో తయారీ ఆగిపోయిన మెషీన్ అది. ఇందులో ముందు అరిగేది డిస్క్ చదివే లేజర్. కొన్ని ఆటలు నీలిరంగు అడుగు ఉన్న సీడీల మీద, మిగతావి డీవీడీల మీద వచ్చాయి. రెండు రకాలూ పెట్టి చూడాలి. ఒకటి చదివి ఇంకోటి చదవకపోతే లేజర్ నీరసించినట్టే. డిస్క్‌ను లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే గీతలు కనిపిస్తాయి. మధ్యనుంచి అంచుకు పోయే గీతలతో పెద్ద ఇబ్బంది లేదు. గుండ్రంగా చుట్టుకున్న గీతలతోనే ఆట ఆగిపోతుంది. అమెరికా డిస్క్ మన దేశంలో అమ్మిన మెషీన్‌లో, చిప్ మార్పించకపోతే, ఆడదు.

ఆ మెషీన్ మీద 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ చేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన ప్లేస్టేషన్ గేముల్లో మొదటిదిగా దానికి పేరు. దేవుణ్ణి ఆట బొమ్మ చేయడమేమిటని విదేశాల్లో కొందరు అభ్యంతరం చెప్పారు కూడా. ఆటగా గొప్పదేమీ కాదు, బటన్ నొక్కినదానికీ గద లేచినదానికీ మధ్య ఆలస్యం తెలుస్తుంది. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి నీడన పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఆ డిస్క్ ప్రాణం. తెలుగు నేల మీద పుట్టిన ఆటను దాచుకోవడానికి మనకు ఒక గ్రంథాలయం లాంటిదేదీ లేదు. ఎవరో ఒకరు పెట్టెలో ఉంచుకుంటేనే అది ఉంటుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీసింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొత్తగా కొనడానికి లేవు. అదే ఏడాది మార్చిలో నింటెండో తన 3డీఎస్, వీ యూ మెషీన్ల ఆన్‌లైన్ దుకాణాన్ని మూసేసింది. అక్కడ మాత్రమే అమ్మిన ఆటలు కొత్తవాళ్లు కొనే దారి పోయింది. డౌన్‌లోడ్ చేసుకున్న ఆటను తమ్ముడికి ఇవ్వలేం, అంగట్లో మార్చుకోలేం. క్యాసెట్, డిస్క్ అట్లా కాదు. కొన్నవాడు వాడుకుని ఇంకొకడికి అమ్మొచ్చు. పాత గేముల అంగళ్లు నిలబడింది ఆ ఒక్క హక్కు మీదే.

ధరల విషయంలో నా అభిప్రాయం ఇది. విదేశీ వెబ్‌సైట్లలో ధర చూపించి అడిగేవాళ్ల దగ్గర కొనకండి. మన నకలు మెషీన్లకు ఆ ధరలు వర్తించవు. అద్దాల బీరువాలో పెట్టడానికి కాకుండా ఆడటానికి కొనేవాళ్లకు మార్కులు పడ్డ డొప్ప, పసుపు తిరిగిన ప్లాస్టిక్ లెక్కలోవి కావు. అవి ఉంటే ధర తగ్గించమని అడగండి.

మిద్దె మీది అటకలో మీ ఇంటి మెషీన్ ఇంకా ఉంటే, పాత సామానువాడికి వేసేముందు దగ్గర్లోని మెకానిక్‌కు ఒకసారి చూపించండి. దానితో వచ్చిన అడాప్టర్ కూడా వెతికి తీసుకెళ్లండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒక్కో దాని వోల్టేజీ ఒక్కోలా ఉంటుంది, వేరేది పెడితే మెషీన్ కాలిపోవచ్చు.