జాగా లేని ద్వీపంలో పార్కు పెరిగేదెలా?

రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలు. సింగపూర్‌కు దక్షిణాన ఉన్న సెంటోసా ద్వీపం మొత్తం కొలిచినా సుమారు 500 హెక్టార్లే, అంటే 1,235 ఎకరాలు. బీచ్‌లు, గోల్ఫ్ మైదానాలు, ఖరీదైన ఇళ్లు, బ్రిటిష్ కాలం నాటి ఫిరంగి కోట అన్నీ అందులోనే. ఉత్తరపు ఒడ్డున 49 హెక్టార్లలో రిసార్ట్స్ వరల్డ్ ఉంది. అందులో మన పిల్లలు చూడాలని మారాం చేసే యూనివర్సల్ స్టూడియోస్‌ది 20 హెక్టార్లు, దాదాపు 50 ఎకరాలు.

2010లో తెరిచిన ఈ పార్కును ఇప్పుడు పెంచుతున్నారు. దేశం మొత్తం 736 చదరపు కిలోమీటర్లు, జనం 60 లక్షల పైమాటే. అక్కడ పక్క పొలం కొనుక్కుని గోడ జరపడం కుదరదు.

2019 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, రిసార్ట్స్ వరల్డ్‌ను నడిపే గెంటింగ్ సింగపూర్ సంస్థ దాని మొత్తం మీద 450 కోట్ల సింగపూర్ డాలర్లు పెట్టాలి. 2023 నవంబరుకు అది 680 కోట్లయింది. డాలరుకు 65 రూపాయలు వేసుకుంటే దాదాపు 44,000 కోట్ల రూపాయలు. ఇంత డబ్బుకు వచ్చేది సుమారు 1,64,000 చదరపు మీటర్లు, అంటే 40 ఎకరాలు. అయితే ఇది నేల కాదు, అంతస్తుల విస్తీర్ణం. అప్పటికి ఉన్నదానికి సగం అదనం.

ఇంత పెట్టుబడికి సంస్థ ఎందుకు సిద్ధపడింది? దేశంలో ఉన్నవి రెండే కాసినోలు, వాటిలో ఒకటి రిసార్ట్స్ వరల్డ్‌లోనే ఉంది. 2030 చివరిదాకా మూడోదానికి అనుమతి ఇవ్వబోమని అదే ఒప్పందంలో ప్రభుత్వం మాట ఇచ్చింది. రెండో కాసినో ఉన్న మరీనా బే శాండ్స్ కూడా అప్పుడు అంతే పెట్టుబడికి ఒప్పుకుంది. స్థానికులు కాసినోలోకి వెళ్లాలంటే కట్టే రోజు రుసుమును మాత్రం 100 డాలర్ల నుంచి 150కి పెంచారు. పిల్లల పార్కు విస్తరణ వెనక జూదశాల ఉందన్న సంగతిని పర్యాటక ప్రకటనలు చెప్పవు. మనం తెలుసుకోవాలి.

ఇక పార్కు లోపల చూద్దాం. 2025 ఫిబ్రవరి 14న మినియన్ ల్యాండ్ తెరుచుకుంది. అది కొత్త జాగాలో రాలేదు. అక్కడ అంతకుముందు మడగాస్కర్ విభాగం ఉండేది. పడవలో కూర్చోబెట్టి బొమ్మల మధ్యగా తిప్పుకొచ్చే చల్లని సవారీ దాని ప్రాణం. 2022 మార్చిలో దాన్ని శాశ్వతంగా మూసేశారు. అంటే దాదాపు మూడేళ్లు పార్కులో ఒక భాగం కంచె వెనకే ఉండిపోయింది. ఇరుకు చోట విస్తరణకు అసలు ధర ఇదే అని నా అభిప్రాయం: కొత్తది రావాలంటే పాతది పోవాలి, అన్నాళ్లూ సందర్శకుడికి చిన్న పార్కే మిగులుతుంది. తర్వాత రావాల్సింది సూపర్ నింటెండో వరల్డ్. పక్కనున్న అక్వేరియం మూడింతలై, సింగపూర్ ఓషనేరియం పేరుతో 2025 జులైలో తెరుచుకుంది.

ఇక ఇక్కడికి జనం వచ్చిపోయేదెలా? లిటిల్ ఇండియాలో మెట్రో ఎక్కితే అదే లైనులో హార్బర్‌ఫ్రంట్‌లో దిగుతారు. పైనున్న వివోసిటీ మాల్ మూడో అంతస్తు నుంచి మోనోరైలు. నడిచి వెళ్లాలనుకునే వారికి 2011 నుంచి కాలిబాట వంతెన ఉంది. పార్కింగ్ కోసం ఎకరాలు వదలాల్సిన అవసరం ఇందువల్ల కూడా తగ్గుతుంది.

నిజంగా కొత్త నేల దొరకాలంటే ఓడరేవు కదలాలి. సెంటోసాకూ నగరానికీ మధ్యనున్న బ్రాని ద్వీపంలోని కంటెయినర్ టెర్మినల్‌ను 2027 నాటికి పశ్చిమాన టువాస్‌కు తరలించాలన్నది ప్రణాళిక. ఖాళీ అయ్యే ఆ ద్వీపంలోనూ పర్యాటక కేంద్రాలు తెస్తామని 2019లో అప్పటి ప్రధాని లీ సీన్ లూంగ్ ప్రకటించారు.

మన నగరాల్లోనూ థీమ్ పార్కుల ప్రకటనలు ఎకరాల లెక్కతోనే మొదలవుతాయి. ఈసారి అలాంటి వార్త చదివినప్పుడు ఎకరాలతో ఆగకండి. మెట్రో గేటు వరకు వస్తుందా, పార్కింగ్‌కు ఎంత నేల పోతోంది, కట్టినన్నాళ్లూ ఏది మూతపడుతుంది అని కూడా అడగండి.