దాల్చినచెక్క: నామవిచారము, వస్తువివేకము

ఏలూరు, తాడేపల్లిగూడెముల అంగళ్లలోను, కొల్లేటి పల్లెల వంటిండ్లలోను దాల్చినచెక్క సుపరిచితమగు వస్తువు. కూరలో మసాలాగ చిటికెడు వాడుచు వచ్చిన యీ ద్రవ్యమును, మధుమేహశాంతికని దినదినము చెంచాల కొలదిగ సేవించువారు నేడు పలువురు గలరు. కావున ఈ పేరు ఏ వస్తువును చెప్పుచున్నదో విచారించుట నిఘంటుకారుల పని మాత్రమే కాదు.

'దాల్చిన' యను రూపమును చూచినంతనే అది 'తాల్చు' ధాతువునుండి పుట్టిన క్రియాజన్యవిశేషణమని భ్రమ కలుగును. పారసీకమున 'దార్' అనగా మ్రాను. 'చీనీ' అనగా చీనాదేశీయము. ఆ 'దార్‌చీనీ'యే హిందీలో 'దాల్చీనీ'యై, తెలుగున అచ్చపు క్రియారూపమువలె మాఱినది. దీనికే 'లవంగపట్ట' యని నామాంతరము. కాని లవంగవృక్షమునకును దీనికిని కుటుంబసంబంధమే లేదు. ఆయుర్వేదమున దీని పేరు 'త్వక్'. ఇది ఏలకులు, ఆకుపత్రిలతో గూడి త్రిజాతకము, నాగకేసరము గూడ చేరిన చతుర్జాతకము. త్వక్కనగా బెరడు, ఏ వృక్షపు బెరడో ఆ పేరు చెప్పదు.

వస్తుతః ఇందు ముఖ్యజాతులు రెండు. సింహళపు చెక్క లేతవన్నెతో, పలుచని పొరలు పెక్కు చుట్టుకొని, వ్రేళ్ల నడుమ సులువుగ విఱుగును. చీనాచెక్క, అనగా కాసియా, దళసరియై గట్టిగ నుండును. పాలకొల్లున వర్తకస్థానము నెలకొల్పిన డచ్చి కంపెనీయే 1656 మొదలు 1796 వఱకు కొలంబో నేలి సింహళపు చెక్క వర్తకమును చేత నుంచుకొనెను. అయినను మన పేరున నిలిచినది చీనాయే. భారత ఆహారప్రమాణములు ఈ రెంటిని వేర్వేఱుగ నిర్వచించినవి. తెలుగు వ్యవహారము మాత్రము భేదము పాటింపదు.

ఈ భేదము ఉపేక్షింపదగినది కాదు. చీనాచెక్కలో కౌమరిన్ అను పదార్థము అధికము. సింహళపు చెక్కలో అత్యల్పము. అధికమైనచో అది కొందఱి కాలేయమునకు హాని చేయును. శరీరభారమున కిలోకు దినమునకు 0.1 మిల్లీగ్రాము, అనగా 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, సహ్యపరిమితియని ఐరోపా ఆహారభద్రతాసంస్థ నిర్ణయించినది. కూరలోని చిటికెడు భయహేతువు కాదు. నిత్యము మందుగ మ్రింగు చెంచాలే విచార్యములు. పొడి చేసిన పిదప కంటిచూపున జాతి తెలియదు. రక్తమందలి చక్కెర తగ్గునను విషయమున పరిశోధనఫలితములును ఏకరీతిగ లేవు. దీనిని నమ్మి వైద్యుడిచ్చిన మందు మానుట తగదు.

కావున నిఘంటువులందును, పాఠ్యపుస్తకములందును 'సింహళపు దాల్చిన', 'చీనా దాల్చిన' యని వేఱువేఱు ఆరోపములుండుట యుక్తము. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో వెలసిన ఉద్యానవిశ్వవిద్యాలయపు పండితులును, తెలుగుశాఖలవారును కలసి చేయదగిన కార్యమిది. పేరు స్పష్టమైననాడు కొనువాడు ఏది కావలెనో అడుగగలడు.