ఆరు తీగలు, నాలుగు స్వరాలు

గిటార్‌కి ఆరు తీగలు, ఉకులేలేకి నాలుగు. అందుకే ఆరు తీగల ఉకులేలే కనబడితే చాలామంది దాన్ని బుల్లి గిటార్ అనుకుంటారు. అమ్మేవాళ్లు కూడా ఒక్కోసారి అలాగే చెప్పి చేతిలో పెడతారు. నిజానికి దాని మీద ఉండేవి ఆ పాత నాలుగు స్వరాలే. వాటిలో రెండింటికి మాత్రం పక్కనే ఒక తోడు తీగ ఉంటుంది. ఆ జతని ఒకే వేలితో నొక్కుతారు, ఒకేసారి మీటుతారు. నాలుగు తీగల మీద నేర్చిన కార్డులన్నీ ఇక్కడ అలాగే చెల్లుతాయి.

చిన్న గిటార్ అనదగ్గ వాద్యం వేరే ఉంది. యమహా కంపెనీ గిటలేలే పేరుతో అమ్మేది అదే. దానికి ఆరు తీగలు, ఆరు వేర్వేరు స్వరాలు. గిటార్ ఐదో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) బిగిస్తే వచ్చే శ్రుతి దానిది. గిటార్ వచ్చినవాళ్లకు అది సులువు. ఉకులేలే వచ్చినవాళ్లు మాత్రం దాని మీద కొత్త కార్డులు నేర్చుకోక తప్పదు. కొనేముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

ఉకులేలే పుట్టిల్లు హవాయి అయినా, దాని మూలం పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో ఉంది. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ చెరకుతోటల్లో పనికి వచ్చిన మదీరా కుటుంబాలను హోనొలులులో దించింది. వాళ్లలోని వడ్రంగులు తమ ఊరి చిన్న తీగవాద్యం మషేతెను అక్కడి కలపతో చేయడం మొదలుపెట్టారు. హవాయి వాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. 1916లో హోనొలులులో మొదలైన కమాకా కుటుంబం వర్క్‌షాపు ఇప్పటికీ నడుస్తోంది. ఆరు తీగల రకం ఆ ఇంటి నుంచే వచ్చింది. దాని పేరు లిలియు, హవాయి చివరి పాలకురాలు లిలియుఒకలాని పేరు మీద పెట్టింది. ఆమె స్వయంగా పాటలు కట్టిన రాణి.

ఇక శ్రుతి సంగతి. ఉకులేలే తీగలు పైనుంచి కిందికి జి, సి, ఇ, ఎ. సి తీగను షడ్జమం అనుకుంటే అవి ప, స, గ, ద అవుతాయి. మామూలు అమరికలో ఆ ‘ప’ మంద్రంలో ఉండదు, గ, ద స్వరాల మధ్య ఉంటుంది. అంటే అన్నిటికన్నా పైనున్న తీగ అన్నిటికన్నా లోతైనది కాదు. ఉకులేలే గలగలకు కారణం ఇదే. వట్టి తీగల్లో తక్కువది 262 హెర్ట్జ్ సి, ఎక్కువది 440 హెర్ట్జ్ ఎ. నిండా ఒక స్థాయి కూడా లేని ఇరుకు అది.

లిలియు అమరిక ఈ ఇరుకును రెండు వైపులా విప్పుతుంది. సి పక్కన ఒక స్థాయి పైనుండే సి (523 హెర్ట్జ్), ఎ పక్కన ఒక స్థాయి కింద ఉండే ఎ (220 హెర్ట్జ్). జి, ఇ ఒంటి తీగలే.

ఫలితం కార్డుల్లో స్పష్టంగా వినిపిస్తుంది. ఎ మైనర్ పట్టండి. నాలుగు తీగల మీద దాని అడుగు స్వరం సి. ఇక్కడ మంద్ర ఎ వచ్చి చేరుతుంది కనుక కార్డుకు అసలైన పునాది దొరుకుతుంది. సి మేజర్ పడితే ఆరు తీగల్లో నాలుగు సి స్వరమే పలుకుతాయి. గొంతెత్తి పాడేవాళ్లకు ఇంతకన్నా తోడు అక్కర్లేదు. కానీ జి మేజర్‌లో ఎ జత బి పలుకుతుంది, మంద్రంలో బి పడేసరికి కార్డు కాస్త అడుగుబరువుగా తోస్తుంది. ఎ తీగ మీద ఒక్కో స్వరం మీటుతూ పాట వాయించబోతే చిక్కు ఇంకా ఎక్కువ. ప్రతి స్వరం కిందా దాని మంద్రం కూడా వస్తూనే ఉంటుంది. కొందరికి అది నిండుదనం, కొందరికి రొద.

ఆ రొద వద్దనుకుంటే మంద్ర ఎ తీసేసి, రెండు తీగలనూ 440లోనే పెట్టుకోవచ్చు. ఒకే స్వరానికి రెండు తీగలంటే మనకు తంబుర మధ్య తీగలు గుర్తొస్తాయి. ఒకటి 440లో ఉండి రెండోది 442కి జారితే సెకనుకు రెండుసార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది. ఆ అల కొంచెమైతే అందం, ఎక్కువైతే అపశ్రుతి. పాటలు మీటేవాళ్లకు ఈ అమరికే మేలు. సి జతను మాత్రం పై స్థాయితోనే ఉంచుకోవాలి, ఆరు తీగల ఉకులేలే మెరుపంతా అందులోనే ఉంది. జి తీగను మంద్రానికి దించాలన్న సరదా ఉన్నవాళ్లు మంద్ర ఎ వదులుకోవడం మంచిది. రెండూ కలిస్తే అడుగున అంతా గజిబిజి.

జతలో ఏ తీగ పైన ఉండాలన్నదీ చిన్న విషయం కాదు. బొటనవేలు కిందికి దిగుతూ ముందు తాకేది పై తీగనే, దాని ధ్వనే ముందు చెవిన పడుతుంది. పన్నెండు తీగల గిటార్లలో చాలా కంపెనీలు పై స్థాయి తీగను ముందు ఉంచితే, రికెన్‌బ్యాకర్ తిరగేసింది. ఆ గిటార్ల ధ్వనిని వెంటనే పోల్చుకోగలగడానికి అదొక కారణం. ఉకులేలేలోనూ మార్చుకోవచ్చు గానీ, నట్‌లో (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీలో) గాళ్లు తీగ లావును బట్టి కోస్తారు. లావు తీగ సన్న గాడిలో కూర్చోదు, సన్న తీగ వెడల్పు గాడిలో జరజరలాడుతుంది.

ఎక్కువగా తెగేది ఆ 523 హెర్ట్జ్ సి. ఇంకా లావు తీగ వేస్తే తెగదనుకుంటారు. అది నిజం కాదు. పొడవు, పదార్థం అవే అయితే సన్నదైనా లావుదైనా తెగే శ్రుతి ఒకటే. తీగ లావయ్యేకొద్దీ బలం పెరుగుతుంది, ఆ శ్రుతికి కావలసిన బిగింపూ అంతే పెరుగుతుంది. పైగా ఆ అదనపు బిగింపంతా బ్రిడ్జి మోయాలి. టెనర్ సైజు ఉకులేలేలో మోగే తీగ పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. మాటిమాటికీ తెగుతుంటే వాద్యం మొత్తాన్నీ ఒక స్వరం దించి ఎఫ్, బి ఫ్లాట్, డి, జిలలో పెట్టుకుంటే తీగ మీద భారం ఐదో వంతు తగ్గుతుంది. తోడు పాడే గొంతుకు కూడా అది చాలాసార్లు అనుకూలమే.

ఇంట్లో ఉన్న నాలుగు తీగల ఉకులేలేకి మరో రెండు బిరడలు బిగించి ఆరు తీగలు కట్టాలన్న ఆలోచన రావచ్చు. ఒద్దు. రెండు తీగలు పెరిగితే బిగింపు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అందుకు తగ్గట్టు లోపలి పట్టీలు లేకపోతే పైచెక్క ఉబ్బుతుంది, బ్రిడ్జి ఊడుతుంది. తిరగేసి చేయడంలో మాత్రం ప్రమాదం లేదు. ఆరు తీగలదానికి తోడు తీగలు రెండూ విప్పేస్తే మామూలు టెనర్‌లా వాయించుకోవచ్చు. కాకపోతే మిగిలిన సి, ఎ తీగలు తమ జత గాడిలో ఒక పక్కకు ఉంటాయి కనుక, తీగల మధ్య ఎడం సమంగా ఉండదు. వేళ్లు దానికి అలవాటు పడడానికి కొంచెం సమయం పడుతుంది.