కుట్టుపని వెనుక వైపు ఫొటో ఏది?

మ్యూజియంలోని పాత కుట్టుపనిని ఆన్‌లైన్‌లో చూపించడానికి మొదటి కారణం వెలుతురు. పట్టుదారం రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, మళ్లీ రాదు. అందుకే ప్రదర్శనలో ఆ వస్త్రాలపై పడే కాంతిని సుమారు 50 లక్స్ దాటనివ్వరు. కొంతకాలానికి తీసి చీకటి అరల్లో భద్రపరుస్తారు. అప్పుడు చూడాలనుకున్నవారికి ఫొటోయే దిక్కు.

రాంనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు ఇది దూరపు సంగతి కాదు. చేరువలోనే గగన్‌మహల్ రోడ్డులో జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియం ఉంది. శాంతినికేతన్‌లో చదివిన ఈ దంపతులు హైదరాబాదులో స్థిరపడి, తమ సేకరణతో 1976లో దాన్ని నెలకొల్పారు. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలై, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ అయింది. పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ రూపొందించిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్‌తో దాని వస్తువుల వివరాలు మ్యూజియంల జాతీయ పోర్టల్‌కు ఎక్కాయి.

ఇలాంటి ఫొటోలను వాడుకునే వ్యవహారంలో తీరిగ్గా చదవాల్సిన పత్రం మాత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం. కళాకృతిపై హక్కు కర్త మరణించిన 60 ఏళ్లకు ముగుస్తుంది. కాబట్టి రెండు వందల ఏళ్ల కిందటి జర్దోసీ అంచుపై ఎవరికీ కాపీరైట్ లేదు. దాని ఫొటోకు మాత్రం కొత్తగా హక్కు పుడుతుంది. 2012 సవరణ తర్వాత దాని గడువు ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. కుట్టిన మనిషి పేరు సాధారణంగా ఏ రిజిస్టరులోనూ ఉండదు; ఫొటో తీసినవారి హక్కు మనవళ్ల దాకా పాకుతుంది. ఐరోపా సమాఖ్య 2019లోనే ఈ ముడి విప్పింది: హక్కు గడువు తీరిన దృశ్యకళకు చేసిన మక్కీకి మక్కీ ప్రతికి కొత్త హక్కు లేదంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరి నుంచి అలాంటి తన చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకోనిస్తోంది. మన చట్టంలో అంత స్పష్టమైన మాట లేదు.

హక్కు దొరికినా, దొరికే ఫొటో అక్కరకు రావాలి కదా! పంజాబు ఫుల్కారీని బట్ట వెనుక వైపు నుంచి కుడతారు. చంబా రుమాలులో పని రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ముందువైపు ఫొటో ఒక్కటే పెడితే ఈ రెండింటి నేర్పూ దాగిపోతుంది. పైగా వెలుతురు తగలని వెనుక వైపునే అసలు రంగు నిలిచి ఉంటుంది. మన వీధుల్లో మగ్గం వర్క్ చేసేవారికి కావలసిందీ అదే: దారం ఎక్కడ మొదలైంది, జరీని పైన పరిచి సన్నదారంతో బిగించారా, పువ్వు ఎన్ని అంగుళాలు. కొలబద్ద, రంగుల పట్టీ లేని ఫొటో వారికి అందమైన బొమ్మ మాత్రమే. జరీ మెరుపుకు ఎదురు వెలుతురు చేటు. పక్కనుంచి పడితే ఉబ్బెత్తు పని తేటగా కనిపిస్తుంది.

సందర్శకులకు

కెమెరా నిబంధనలు ఒక్కో మ్యూజియంలో ఒక్కో తీరు. టికెట్ దగ్గరే అడగాలి. ఫ్లాష్ వద్దు. ఫొటో పంచుకునేటప్పుడు మ్యూజియం పేరు, వస్తువు సంఖ్య తప్పక రాయాలి; అవి లేకపోతే వెతికేవారికి ఆ వస్త్రం మళ్లీ దొరకదు. మ్యూజియం తీసిన ఫొటోను వాడుకోవాలంటే అనుమతి అడగాలి. అడిగేటప్పుడే వెనుక వైపు ఫొటో కూడా కోరండి.