పాస్టరు చేతిలో తుపాకీ

మద్యం కాపురాలను కూల్చడం కళ్ళారా చూసినదాన్ని. నిషేధం కోరేవాళ్ళ పక్షమే నాది. అయినా జె.ఓ.ఎల్. స్ప్రాక్లిన్ కథ నన్ను కలవరపెడుతుంది.

ఆయన కెనడాలోని శాండ్‌విచ్ ఊళ్ళో మెథడిస్టు పాస్టరు. 1920లో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చాక డెట్రాయిట్ నది మీదుగా విస్కీ దొంగరవాణా జోరందుకుంది. పోలీసులు చూసీచూడనట్టు వదిలేస్తున్నారని ఆయన గొంతెత్తాడు. ఆంటారియో అటార్నీ జనరల్ రేనీ ఆయన్నే ఇన్‌స్పెక్టరుగా నియమించాడు. చర్చిలో ప్రసంగించే మనిషి తుపాకీ పట్టుకుని హోటళ్ళ మీద, పడవల మీద దాడులకు దిగాడు. వారంటు లేకుండా సోదాలేమిటని జనం మండిపడ్డారు.

1920 నవంబరు 6న చాపెల్ హౌస్ హోటల్లోకి చొరబడి, యజమాని బెవర్లీ ట్రంబుల్‌ను కాల్చి చంపాడు. ఇద్దరూ చిన్ననాటి నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్ళే! ట్రంబులే ముందు తుపాకీ గురిపెట్టాడని పాస్టరు వాదన. తన భర్త చేతిలో తుపాకే లేదని భార్య సాక్ష్యం. 1921లో జ్యూరీ ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది.

తీర్పు సంగతి అలా ఉంచితే, నా అభ్యంతరం ఆ నియామకం మీదే. పోలీసు శిక్షణ లేని మనిషికి, అందులోనూ ధర్మం తనవైపే ఉందని గట్టిగా నమ్మిన మనిషికి, ఆయుధమూ అధికారమూ ఇచ్చి రాత్రిపూట పరాయి గుమ్మాల్లోకి పంపింది ప్రభుత్వం. ఆ చావులో దానికీ వాటా ఉంది.