రూ.20 వేల లోపు చిన్న ల్యాప్‌టాప్.. కొనే ముందు ఇవి చూసుకోకపోతే డబ్బులు దండగే!

కాలేజీకైనా, ఆఫీసుకైనా బ్యాగులో వేసుకుని వెళ్లిపోయేలా చిన్న ల్యాప్‌టాప్ ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. రేటు కూడా తక్కువే కావడంతో డిగ్రీ, బీటెక్‌లో చేరిన పిల్లల కోసం తల్లిదండ్రులు ముందుగా వీటినే చూస్తారు. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొన్నాక మార్చుకునే వీలు లేనివే వీటిలో ఎక్కువ.

బరువు తక్కువ.. మరి పని?

రిలయన్స్ జియో 2023లో తెచ్చిన జియోబుక్‌నే చూద్దాం. 11.6 అంగుళాల స్క్రీన్, 990 గ్రాముల బరువు, 4జీబీ ర్యామ్, 64జీబీ స్టోరేజ్, సిమ్ వేసుకునే సౌకర్యం. లాంచ్ ధర రూ.16,499. మోయడానికి ఇంతకన్నా తేలిక ఏముంటుంది? అయితే ఇందులో ఉన్నది విండోస్ కాదు, జియోఓఎస్. అంటే విండోస్ సాఫ్ట్‌వేర్లు ఇందులో నడవవు. ఆన్‌లైన్ క్లాసులు, నోట్సు, మెయిల్స్ వరకైతే ఓకే.

4జీబీ ర్యామ్ సరిపోతుందా?

విండోస్ 11కు కనీసం 4జీబీ ర్యామ్, 64జీబీ స్టోరేజ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. అది కనీసం మాత్రమే. బ్రౌజర్‌లో పది ట్యాబులు, పక్కన వీడియో కాల్ పెడితే మెషీన్ మొరాయిస్తుంది. పోనీ తర్వాత ర్యామ్ పెంచుకుందాం అంటే, ఈ రేంజ్‌లో చాలా మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది. ఈఎంఎంసీ స్టోరేజ్‌దీ అదే కథ. ఎస్‌ఎస్‌డీ కంటే స్లో, పైగా మార్చలేం. మెమరీ కార్డు వేస్తే ఫొటోలు, వీడియోలకు చోటు దొరుకుతుంది కానీ స్పీడు పెరగదు.

కోడింగ్ నేర్చుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒక్క ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8జీబీ ర్యామ్ కావాలి.

క్రోమ్‌బుక్ అయితే తేదీ చూడండి

2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు గూగుల్ పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తోంది. అయితే ఈ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ ప్లాట్‌ఫామ్ విడుదలైన రోజు నుంచి లెక్క. ఆఫర్‌లో పాత స్టాక్ వస్తుంటే ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూసుకోవాలి.

ఇక విండోస్‌లో 'ఎస్ మోడ్' ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్స్ మాత్రమే ఎక్కుతాయి. దాన్నుంచి ఉచితంగానే బయటకు రావొచ్చు కానీ, వస్తే మళ్లీ వెనక్కి వెళ్లలేం.

సెకండ్ హ్యాండ్ మంచిదేనా?

ఇదే బడ్జెట్‌లో కంపెనీలు వాడి వదిలేసిన 8జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లు రీఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. కాస్త బరువైనా పనికి ఇవే నయం. అయితే ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతది ఉండాలి. అంతకంటే పాతవాటిలో చాలావరకు విండోస్ 11కు పనికిరావు. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో షాపులోనే ఆన్ చేసి చూడాలి. వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోవాలి.

ఫైనల్‌గా..

చదువుకోవడం, టైపింగ్, క్లాసులు వినడం.. పని ఇంతే అయితే చిన్న ల్యాప్‌టాప్ చాలు. కోడింగ్, డిజైనింగ్, ఎడిటింగ్ ఉంటే మాత్రం తేలికగా ఉందని తొందరపడొద్దు. పిల్లలకు కావాల్సిన సాఫ్ట్‌వేర్ల పేర్లు కాలేజీలో అడిగి రాసుకోండి. షాపుకెళ్లాక ముందు ఆ లిస్టు చూపించండి. రేటు సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు.